బారు ముందు అరెస్టు: కాగితానికి నాలుగున్నర, గడియారానికి ఒకటిన్నర

హోటలుకు, సెలూనుకు, మెకానిక్ షెడ్డుకు రివ్యూ రాసినట్టే అరెస్టుకూ రాయొచ్చు. పన్నుల రూపంలో ముందే డబ్బు కట్టేసిన సేవ అది. వద్దన్నా గడప దాకా వచ్చి మరీ అందించే సేవ. ఇక్కడ చూస్తున్నది ఒక్క రకం మాత్రమే. కర్నూలులో బళ్లారి చౌరస్తా మొదలు నంద్యాల చెక్‌పోస్టు దాకా ఏదో ఒక బారు. మూసే వేళకు గొడవ. ఎవరో 112కు ఫోను చేస్తారు, జీపు వస్తుంది, ఒకణ్ణి ఎక్కమంటారు. వాడు "ఏందప్పా, నేనేం జేసినా? నన్నెందుకు తోల్కపోతారు?" అని అడ్డం తిరుగుతాడు. ఫలానా స్టేషను మేలు, ఫలానాది కాదు అనే తూకం కాదిది. చట్టం ఏమిస్తానంది, ఆ ఇవ్వడం మామూలుగా ఎక్కడ జారుతుంది, జారినచోట ఏ కాగితం అడగాలి, అంతవరకే.

ఈ సేవను రోడ్డు మీద నిలదీసినవాడికి నష్టం, కాగితం మీద నిలదీసినవాడికి లాభం. కారణం రేట్ల బోర్డు చూస్తే తెలిసిపోతుంది.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తున్నాయి. మొదటిది నేరాలు, శిక్షలది; రెండోది అరెస్టు, దర్యాప్తు, బెయిలు పద్ధతిది. కింద చట్టం పేరు లేకుండా వచ్చే నంబర్లను ఈ లెక్కనే చూసుకోండి. తాగి నలుగురు తిరిగే చోట జనాన్ని ఇబ్బంది పెడితే న్యాయ సంహిత 355: 24 గంటల వరకు సాధారణ జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, అదీ కాకపోతే సమాజ సేవ. పాత 510లో ఈ జరిమానా పది రూపాయలు. ఇద్దరు కొట్టుకుని వీధిలో శాంతి చెడగొడితే 194, నెల వరకు జైలు లేదా 1,000 జరిమానా. చెంప మీద కొట్టినట్టు మామూలు దెబ్బైతే 115(2), ఏడాది వరకు. కానీ ఇది నాన్‌కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు, వారంటు లేకుండా అరెస్టు చేయకూడదు. పగలగొట్టిన బీరు సీసాతో పొడిస్తే 118(1), మూడేళ్ల వరకు.

ఇప్పుడు 132 చూడండి. డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకోడానికి దాడి చేయడం, బలప్రయోగం చేయడం. పాత 353 ఇదే. రెండేళ్ల వరకు జైలు, కాగ్నిజబుల్ (వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకదు). భుజం మీద చెయ్యేసిన కానిస్టేబులు చేతిని విదిలించుకోవడం కూడా ఎఫ్ఐఆర్‌లో "బలప్రయోగం"గా దిగే అవకాశం ఉంది. వెయ్యి రూపాయలతో పోవాల్సిన పెట్టీ కేసు రెండే రెండు నిమిషాల్లో జిల్లా జైలు మెట్ల దాకా పోతుంది. ఈ సేవలో అతి ఖరీదైన ఐటమ్ ఇదే. ఆర్డరిచ్చేది మాత్రం ఎక్కువసార్లు కస్టమరే.

చేతులు కనపడేట్టు కిందికి పెట్టుకుని, మాట ఒక్కటే వాడాలి. అడగాల్సిన ప్రశ్నలు మూడు. "సార్, నన్ను అరెస్టు చేస్తున్నారా?" "దేనికి?" "ఏ స్టేషనుకు?" ఈ మూడూ గట్టిగా, పక్కనున్న నలుగురికీ వినపడేట్టు అడిగి, జవాబు వచ్చినా రాకపోయినా ఎక్కేయాలి. సురక్షా సంహిత 43 ప్రకారం మనిషి మాటతోనో చేష్టతోనో లొంగితే ఒంటి మీద చెయ్యి వేయాల్సిన పనే లేదు. లొంగకపోతేనే పట్టుకోవడం, కదలకుండా ఆపడం. పారిపోకుండా ఆపడానికి కావాల్సినంత బలమే వాడాలి, అంతకు మించి కట్టడి పనికిరాదని 46 చెప్తుంది. బేడీలకు 43(3)లో జాబితా ఉంది: హత్య, రేప్, యాసిడ్ దాడి, మాదకద్రవ్యాలు, అక్రమ ఆయుధాలు, కస్టడీ నుంచి తప్పించుకున్నవాడు, పదేపదే నేరాలు చేసేవాడు వగైరా. బారు ముందు తోపులాట ఆ జాబితాలో లేదు.

అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనపడాలనేది 36లో మొదటి షరతు. 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 11 ఆదేశాల్లోనూ మొదటిది ఇదే. యూనిఫాంలో వచ్చిన గస్తీ విషయంలో దీనికి పెద్దగా వంక పెట్టడానికి ఉండదు, బ్యాడ్జి ఉంటుంది. జారేది మఫ్టీలో వచ్చినప్పుడు, వర్షాకాలం రెయిన్‌కోటు బ్యాడ్జిని కప్పేసినప్పుడు. పేరు కనపడకపోతే జీపు నంబరు గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ రాత్రి ఆ బండిలో డ్యూటీ ఎవరిదో స్టేషను జనరల్ డైరీలో, అంటే రోజూ జరిగినవి టైముతో రాసే పుస్తకంలో, ఉంటుంది. రోడ్డు మీద మర్యాద, గుర్తింపు, ఈ రెండింటికీ కలిపి ఐదుకు మూడు. ఇద్దరు సిబ్బంది, పదిమంది తాగినవాళ్లు, చుట్టూ సెల్‌ఫోన్లు: ఆ స్థితిలో ముందు మనుషుల్ని విడదీసి, కేసు సంగతి తర్వాత చూడటం తప్పేం కాదు. ఇరుపక్షాల్లో ఒక్కరినే ఎక్కించుకోవడం మాత్రం కచ్చితంగా ప్రశ్నించదగ్గ విషయం. 194 కింద ఒక్కడితో కేసు నిలబడదు, కొట్టుకోవడానికి కనీసం ఇద్దరు కావాలి.

బౌన్సర్ల సంగతి వేరు. గస్తీ రాకముందే బారువాళ్లు మనిషిని పట్టి లోపలి గదిలో కూర్చోబెడతారు. మామూలు మనిషి ఇంకో మనిషిని అరెస్టు చేసే అధికారం 40వ సెక్షన్‌లో ఉంది, కానీ తన కళ్లముందు నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం జరిగితేనే, లేదా అతను కోర్టు ప్రకటించిన నేరస్తుడైతేనే. పట్టుకున్నాక ఆలస్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. ఆరు గంటల గడువు కొత్త చట్టంలో చేర్చినది. బిల్లు దగ్గర గొడవ, గ్లాసు పగలగొట్టడం, మేనేజర్ని తిట్టడం, ఏదీ ఇందులోకి రాదు. అలా కూర్చోబెడితే అక్రమ నిర్బంధం, న్యాయ సంహిత 127. బారు మేనేజరు ఫిర్యాదు మీద అరెస్టైనవాళ్లు ఈ కోణాన్ని దాదాపు వాడుకోరు. సరైన కారణం లేకుండా పోలీసుల చేత అరెస్టు చేయించినవాళ్ల నుంచి మేజిస్ట్రేటు 399 కింద నష్టపరిహారం ఇప్పించవచ్చు. గరిష్ఠం 1,000 రూపాయలే అనుకోండి. మూడు బీర్లకూ చాలీచాలని మొత్తం, కానీ ఆ ఆర్డరు కాగితం విలువ వేరు.

ఇక అసలు సమస్య, గడియారం. "అదుపులోకి తీసుకున్నారు" అని పత్రికలు రాస్తాయి. "స్టేషనుకు రా, మాట్లాడుకుందాం" అని జీపులోవాళ్లు అంటారు. అరెస్టు అనే మాట ఎవరి నోటా రాదు. కారణముంది. రాజ్యాంగం 22(2), సురక్షా సంహిత 58 రెండూ అరెస్టైన 24 గంటల్లోపు, ప్రయాణ సమయం తీసేసి, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలంటాయి. అరెస్టు రాత్రి 10.40కి జరిగిందని రాస్తే గడియారం అక్కణ్ణుంచి నడుస్తుంది. మర్నాడు ఉదయం 11 గంటలకు "ఫలానా చోట అనుమానాస్పదంగా తిరుగుతుండగా" అని రాస్తే పన్నెండు గంటలు మాయం. అందుకే వివాదం ఉన్న ప్రతి కేసులో దెబ్బలకన్నా, సెక్షన్లకన్నా ముందు పట్టుకోవాల్సింది ఈ టైమునే. స్వేచ్ఛ ఆగిన క్షణమే అరెస్టు మొదలవుతుందని, అధికారి కాగితం మీద వేసుకున్న టైముతో దానికి నిమిత్తం లేదని బొంబాయి హైకోర్టు 1990లోనే తేల్చింది. అయినా నిరూపించాల్సిన బరువు పట్టుబడ్డవాడి మీదే పడుతుంది.

కొత్త చట్టం ఇక్కడ ఒక సందు కూడా తెరిచింది. 172వ సెక్షన్: పోలీసు న్యాయంగా ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరించినవాణ్ణి పట్టి ఉంచవచ్చు, అక్కణ్ణుంచి తీసేయవచ్చు. మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి, చిన్న విషయమైతే వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు వదిలేయాలి. "ఇక్కణ్ణుంచి వెళ్లిపొండి" అన్నా కదలనివాడికి ఇది చక్కగా సరిపోతుంది. రాతలో చూస్తే మంచి సెక్షనే. తాగినవాణ్ణి కేసు లేకుండా పొద్దున ఇంటికి పంపే దారి దొరికింది. కానీ రాత్రంతా కూర్చోబెట్టి, పొద్దున ఇంకో కేసులో అరెస్టు చూపితే, ఆ రాత్రి 172 ఖాతాలోనా, అరెస్టు ఖాతాలోనా? అడగాల్సింది ఇదే: "నన్ను ఏ సెక్షన్ కింద కూర్చోబెట్టారో జనరల్ డైరీలో రాశారా, ఎన్ని గంటలకు?" గొడవ జరగబోతుందని ముందే పట్టుకునే 170 కూడా పక్కనే ఉంది. దాని గరిష్ఠం కూడా 24 గంటలే. తర్వాత తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తే 126 కింద ఏడాది మించని పూచీకత్తు. గడియారానికి ఒకటిన్నర మార్కులే వేయడానికి కారణం సిబ్బంది దురుద్దేశమొక్కటే కాదు. ఒకే రాత్రికి మూడు సెక్షన్లు మూడు పేర్లు పెట్టే వెసులుబాటును చట్టమే ఇచ్చింది.

టైమును ఎలా నిలబెట్టాలి? ముందుగా ఫోను. పట్టుకున్నారని తెలిసిన వెంటనే ఇంటివాళ్లు 112కు చేసి "ఫలానా చోట నుంచి ఫలానా మనిషిని తీసుకెళ్లారు, ఏ స్టేషనో చెప్పండి" అని అడిగితే ఆ కాల్ టైముతో సహా నమోదవుతుంది. స్టేషనుకు ఊరికే పోయి గేటు దగ్గర నిలబడకుండా తెల్లకాగితం మీద రెండు వాక్యాల అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే అక్కడే నిలబడి ఎస్పీ కార్యాలయానికి మెయిల్ పెడితే సరిపోతుంది. మెయిలు మీది టైము ఎవరూ దిద్దలేనిది. అరెస్టైనవాళ్ల పేర్లు, చిరునామాలు, నేరం వివరాలు ప్రతి స్టేషన్లోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనపడేట్టు, డిజిటల్‌గా కూడా పెట్టాలని 37 అంటుంది. ఆ పనికి ఏఎస్సై స్థాయికి తగ్గని అధికారి ఉండాలి. బోర్డు మీద పేరు లేకపోతే అదే ఒక ఫొటో.

తర్వాత కెమెరాలు. బారు గుమ్మం మీద, పక్క మెడికల్ షాపు మీద, ఎదురుగా ఏటీఎం మీద. కెమెరా రికార్డింగు పెట్టె, అంటే డీవీఆర్, డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. చిన్న షాపుల్లో పదిహేను రోజులకే, పెద్దచోట్ల నెలకు. కాబట్టి రెండు మూడు రోజుల్లోనే యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో "ఫలానా తేదీ, ఫలానా టైము మధ్య రికార్డింగ్ చెరపొద్దు" అని ఉత్తరం వెళ్లాలి. ఆ వెంటనే మేజిస్ట్రేటు కోర్టులో సురక్షా సంహిత 94 కింద దాన్ని తెప్పించమని పిటిషన్. డీవీఆర్ గడియారం పది, ఇరవై నిమిషాలు అటూఇటూ ఉండటం సర్వసాధారణం. దాన్ని పట్టించుకోనివాళ్లు కోర్టులో బోల్తా పడతారు. స్క్రీను మీది టైము, సెల్‌ఫోన్లో నెట్‌వర్క్ టైము రెండూ ఒకే ఫొటోలో పడేట్టు తీసుకుంటే తేడా ఎంతో లెక్క తేలుతుంది. కాపీని సాక్ష్యంగా పెట్టాలంటే పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ కావాలి. రెండు భాగాలుంటాయి, మొదటిది పరికరం తన ఆధీనంలో ఉన్నవాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) అందులో ఉండాలి. వాట్సాప్‌లో పంపిన వీడియో కుదించుకుపోతుంది, హాష్ మారిపోతుంది. తీసిన ఫోన్లో ఉన్న అసలు ఫైలు జాగ్రత్త.

స్టేషన్లో కెమెరాల గురించి 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: గేటు, లాకప్, కారిడారు, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, వరండా, ప్రాంగణం ముందు వెనకా, ఎక్కడా ఖాళీ వదలకూడదు. రికార్డింగు 18 నెలలు, అంత సామర్థ్యం దొరకకపోతే కనీసం ఏడాది నిల్వ ఉండాలి. "ఆ రోజు కెమెరా పనిచేయలేదు" అనే జవాబొస్తే, అది ఎప్పటి నుంచి పనిచేయలేదు, బాగుచేయమని ఎవరికి ఎప్పుడు రాశారు అని సమాచార హక్కు దరఖాస్తులో అడగాలి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. మనిషి ఇంకా లోపలే ఉంటే ప్రాణ స్వేచ్ఛలకు సంబంధించిన సమాచారమని రాస్తే 48 గంటలు.

రోడ్డు మీద వీడియో తీయడం నేరమని ఏ సెక్షనూ లేదు. నాలుగడుగుల దూరం నుంచి, మాట్లాడకుండా తీయాలి. అధికారి మొహం ముందు ఫోను పెట్టి కామెంటరీ చెప్తే 221, ప్రభుత్వోద్యోగి విధికి ఆటంకం, మూడు నెలల వరకు. ఫోను లాక్కుంటే స్వాధీనం చేసుకున్నట్టు రాత కావాలి. తనిఖీ, స్వాధీనం వీడియో తీయాలని 105 అంటుంది. పాస్‌వర్డు చెప్పి తీరాలా అనే దాని మీద హైకోర్టులు ఒక్క మాట మీద లేవు, అందుకని లాయరు రాకముందు చెప్పాల్సిన తొందరేమీ లేదు.

అరెస్టు మెమో ఈ సేవలో బాగా డిజైన్ చేసిన భాగం, నాలుగున్నర మార్కులు దానికే. ఒక్క పేజీ: టైము, తేదీ, చోటు, అధికారి పేరు, ఒక సాక్షి సంతకం, అరెస్టైనవాడి సంతకం. సాక్షి కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతంలో గౌరవస్తుడో అయి ఉండాలి. స్టేషను దగ్గరే ఎప్పుడూ కూర్చుండే మనిషి పేరు పది కేసుల్లో మధ్యవర్తిగా కనపడితే అది క్రాస్ ఎగ్జామినేషన్‌లో బంగారం. సంతకం చేసేటప్పుడు పక్కనే తన చేత్తో తేదీ, టైము వేయాలి. రైటరు "వద్దప్పా, ఊరికే గీకు" అంటాడు. అక్కడే వేయాలి. ఖాళీ కాగితం మీద వేలిముద్రగానీ సంతకంగానీ వేయకూడదు. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద ఇచ్చినవాడి సంతకం తీసుకోకూడదని 181 చెప్తుంది. నేరం ఒప్పుకుంటున్నట్టు పోలీసుకు చెప్పింది సాక్ష్యంగా చెల్లదు, సాక్ష్య అధినియమం 23.

తాగిన మత్తులో పెట్టించిన సంతకం పోలీసులకే చేటు. మెమోలో "చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేసెను" అని, అదే గంటలో డాక్టరు చీటీలో "మాట తడబడుతోంది, నిలబడలేకపోతున్నాడు" అని ఉంటే రెండిట్లో ఒకటి అబద్ధం. తెలిసిన ఎస్సైలు ముందు ఆసుపత్రికి పంపి, తర్వాత మెమో రాస్తారు.

కారణాలు వేరు, సెక్షన్లు వేరు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. "194, 132 కింద అరెస్టు" అంటే సెక్షన్లు చెప్పినట్టే గానీ కారణం చెప్పినట్టు కాదు. నువ్వు ఏ చోట, ఎన్ని గంటలకు, ఎవర్ని, ఏం చేశావని ఆరోపణ, అది కారణం. 47 ఇదే అడుగుతుంది, రాజ్యాంగం 22(1) ఇదే అడుగుతుంది. 2025 ఫిబ్రవరి 7న విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కారణం చెప్పకపోతే అరెస్టే చెల్లదంది. అదే ఏడాది నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో ఇంకో అడుగు వేసింది: ఏ నేరమైనా సరే, రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అప్పటికప్పుడు రాతలో ఇవ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకు కోర్టులో నిలబెట్టడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం చేతిలో పెట్టాలి. అర్థమయ్యే భాష అన్నది కర్నూలు లాంటి చోట ఊరికే రాసిన మాట కాదు. పాతబస్తీలో ఉర్దూ, ఆదోని వైపు కన్నడం, అందరికీ తెలుగు కాగితం సరిపోదు. మరి ఇంగ్లిషు ఫారం ఎవరికి సరిపోతుంది?

ఇంటివాళ్లకు చెప్పడం 48. ఒకరికి చెప్పి, ఎవరికి ఎన్నింటికి చెప్పామో స్టేషను పుస్తకంలో రాయాలి. మనిషిని ముందు నిలబెట్టినప్పుడు మేజిస్ట్రేటు ఆ పుస్తకం సంగతి తేల్చుకోవాలి కూడా. "ఫోను ఎత్తలేదు" అనేది మామూలు సమాధానం. అందుకే ఒకటికి రెండు నంబర్లు చెప్పాలి. ఫోన్ లాక్కున్నాక నోటికి ఒక్క నంబరూ రానివాళ్లే ఎక్కువ, ఇందులో పోలీసుల తప్పేం లేదు. లాయర్ని కలిసే హక్కు 38లో ఉంది, విచారణ జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చునేది కాదు గానీ కలవనివ్వాలి. లాయరు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

జేబులో ఏముందో తీసుకునేటప్పుడు 49 ప్రకారం రసీదు ఇవ్వాలి. వాచీ, ఉంగరం, పర్సులో డబ్బు ఎంత, నోట్ల లెక్కతో సహా. మొత్తం సేవలో అతి తేలికైన పని ఇది, అతి ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. ఒకటి.

మహిళ అయితే: సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు లేదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా రిపోర్టు పెట్టి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి, 43(5). బారు ముందు గొడవలన్నీ రాత్రే కాబట్టి ఈ ఒక్క వాక్యం చాలా కేసుల్ని అక్కడే ఆపుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం.

ఆసుపత్రి. బుధవారపేటలో పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి తెల్లవారుజామున తీసుకొస్తారు. 53 ప్రకారం అరెస్టైన వెంటనే డాక్టరు చూడాలి, గాయాలు, అవి ఎప్పటివో రాయాలి, ఆ రిపోర్టు నకలు అరెస్టైనవాడికి ఇవ్వాలి. ఈ నకలు అడిగినవాళ్లు తక్కువ. డాక్టరు ముందు కానిస్టేబులు నిలబడి "ఏం లేదు సార్, మామూలుగా చూడండి" అంటే, "ఇక్కడ నొప్పి, ఇక్కడ తగిలింది" అని ఒక్కో చోటు వేలుతో చూపించి చెప్పాలి. కమిలిన రంగు మారుతూ ఉంటుంది. మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, కొన్ని రోజులకు ఆకుపచ్చగా, చివరికి పసుపు. దెబ్బ పడింది ఆ రాత్రా, అంతకు ముందా అనేది ఈ రంగుతో కొంతవరకు తెలుస్తుంది. అరికాళ్లు, తొడల వెనక చూడమని చెప్పకపోతే చూడరు.

తాగాడనడానికి వాసన ఒక్కటే సాక్ష్యం కాదు. రక్తం తీస్తే చర్మాన్ని స్పిరిటుతో తుడవకూడదు, ఆ స్పిరిటే ఆల్కహాలు. సీసాలో సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉండాలి, లేదంటే రక్తం పులిసి లెక్క మారుతుంది. ఒంట్లో ఆల్కహాలు గంటకు సుమారు 100 మిల్లీలీటర్లకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. రాత్రి పదిన్నరకు పట్టుకుని తెల్లారి నాలుగుకు రక్తం తీస్తే ఆ సంఖ్య ఎవరికీ పనికిరాదు, "నేను తాగలేదు" అనేవాడికీ పనికిరాదు.

బండి కథ వేరు. మోటారు వాహనాల చట్టం 185కు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటాలి, బండి నడుపుతూనో నడపబోతూనో ఉండాలి. పార్కింగ్‌లో బండికి ఆనుకుని నిలబడ్డవాడికి అది రాదు. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాలని 202 నేరుగా చెప్తుంది. చట్టంలో ఇంత సూటిగా గడువు పెట్టి, దాటితే విడుదల అని రాసిన చోట్లు తక్కువ.

స్టేషను బెయిలు, నోటీసు. 194, 355 లాంటివి బెయిలబుల్. 478 ప్రకారం జామీను ఇస్తానంటే వదలడం అధికారి దయ కాదు, హక్కు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అసలు అవసరమా అని అధికారి కారణాలు రాసుకోవాలి. అవసరం లేదంటే, ఫలానా తేదీకి హాజరు కమ్మనే 35(3) నోటీసు. స్టేషన్లో ఇంకా "41ఏ" అనే అంటారు, పాత నంబరు నోట్లో నిలిచిపోయింది. 2014 జులై 2 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు దీని వెన్నెముక. గుర్తుంచుకోవాల్సింది, 132 నాన్‌బెయిలబుల్ అయినా శిక్ష రెండేళ్లే కాబట్టి నోటీసు దారి దానికీ తెరిచే ఉంది. ఈ మాట రిమాండు రోజు మేజిస్ట్రేటు ముందు చెప్పనివాళ్లే ఎక్కువ. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరంలో మనిషి అరవై దాటినవాడో, అనారోగ్యంతో ఉన్నవాడో అయితే డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు లేదు, 35(7). నోటీసు వాట్సాప్‌లో వస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. కాగితం చేతికి రావాలి. వచ్చాక తేదీకి పోకపోవడం మాత్రం తెలివి తక్కువతనం, అప్పుడు అరెస్టుకు దారి వాళ్లకే దొరుకుతుంది. ఈ భాగానికి నాలుగు. అడిగితే దొరికే సేవ ఇది.

కోర్టులో మేజిస్ట్రేటు "పోలీసులు కొట్టారా? ఏమన్నా చెప్పుకోవాలా?" అని అడుగుతారు. జీపులో "ఏం లేదని చెప్పు, బెయిలు తొందరగా వస్తుంది" అని నూరిపోసి ఉంటారు. ఆ ఒక్క ప్రశ్నకు ఇచ్చే జవాబు రికార్డవుతుంది. పట్టుకున్న టైము, చోటు, దెబ్బలు, రసీదు లేని డబ్బు, ఈ నాలుగూ రెండు నిమిషాల్లో చెప్పేయాలి. తర్వాత ఎప్పుడో చెప్తే "అప్పుడెందుకు చెప్పలేదు" అనే ప్రశ్న వెంటాడుతుంది.

ఫిర్యాదుల విభాగం నెమ్మది. మొదట ఎస్పీకి రాత, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోవడం. కదలకపోతే దర్యాప్తు చేయించమని అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గర 175 కింద పిటిషన్. మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి, ఆ తర్వాత తీసుకోరు. రాష్ట్ర కమిషన్ కార్యాలయాన్ని 2021లో కర్నూలులోనే తెరిచారు, పోయే ముందు చిరునామా ఒకసారి చూసుకుని పోండి. నష్టపరిహారం కావాలంటే హైకోర్టు రిట్. 1983 రుదల్ షా, 1993 నీలబతి బెహెరా తీర్పులు ఆ దారి వేశాయి. దానికి మళ్లీ అమరావతి దాకా ప్రయాణం. రెండు.

ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితం. అరెస్టైనవాడి తరఫువాళ్లు మాత్రం స్టేషను చుట్టూ తిరగకుండా వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. 2016 తీర్పు ప్రకారం సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో ఎక్కించాలి, నెట్ సరిగా లేని చోట 48, 72 వరకు. డౌన్‌లోడ్ చేసుకున్నాక మొదట చూడాల్సింది సెక్షన్లు కాదు. "సంఘటన జరిగిన టైము", "స్టేషనుకు సమాచారం అందిన టైము", "జనరల్ డైరీ ఎంట్రీ నంబరు, టైము" అనే మూడు గళ్లు. ఆ మూడిటినీ మెమో మీద మీ చేత్తో వేసిన టైము పక్కన పెట్టి, లాయరు దగ్గరకు అదే కాగితం తీసుకెళ్లండి.